అన్నభేది ఉండలు

మా ఆయన లక్ష్మీకాంత్‌కు కారు కొనాలని లేదు, ఇల్లు కట్టాలని లేదు. హిందూపురంలో మా అద్దె ఇంటి హాల్లో మూడడుగుల చేపల తొట్టి ఉంటే చాలు. అందులోనూ చేపల కంటే మొక్కల మీదే ఆయనకు మక్కువ. ఫ్యాక్టరీ నుంచి రాగానే దాని ముందు కూర్చుంటాడు. నేను వెళ్లి నిలబడితే, వెలుతురుకు అడ్డమొస్తున్నావు, జరుగు అంటాడు. పెళ్లైన ఆరేళ్లకు నాకు దక్కిన మర్యాద ఇది.

పోయిన ఏడాది ఆ మొక్కల ఆకులు పసుపు తిరిగాయి. ఆ రోజుల్లోనే పెనుకొండ పక్క పల్లెలో ఉండే మా నాయన గంగాధర, మిరప మడికి రెండు కేజీల యూరియా కొనుక్కొని, ఆ రాత్రికి మా ఇంట్లో ఆగాడు. సంచి వరండాలో పెట్టాడు. పైరు పసుపు తిరిగితే యూరియా చల్లడం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్నదాన్ని. మా ఆయన మెచ్చుకుంటాడని గుప్పెడు తీసి తొట్టిలో వేశాను. తెల్లారేసరికి పదహారు చేపలూ వెల్లకిలా తేలాయి.

మా ఆయన తొట్టి కింద రాలిన తెల్ల గుళికలు చూశాడు, వరండాలో మూతి విప్పిన సంచి చూశాడు.

"మామా, ఇది చేను గాదు" అన్నాడు.

నాయన నా వైపు ఒక్కసారి చూసి, "పొరపాటైందప్పా, తెలీక వేసినా" అన్నాడు.

నా నోటి సంగతి వీధి వీధంతా తెలుసు. ఆ రోజు మాత్రం పెగల్లేదు. మా ఆయన కొత్త చేపలు తెచ్చుకున్నాడు, మళ్లీ ఆ మాట ఎత్తలేదు కానీ, నాయన అప్పటి నుంచి తొట్టి దగ్గరికి పోవడం మానేశాడు. వస్తే వరండాలోనే కాఫీ తాగి బస్సెక్కేవాడు. సిగ్గుతో చచ్చిపోతూ కూడా నేను ఏడాది పాటు నోరు మూసుకునే ఉన్నాను. అబద్ధం ఒకసారి ఇంట్లో కూర్చుంటే లేవమనడం కష్టం.

ఈ మధ్య మొక్కలు మళ్లీ పసుపు తిరిగాయి. మా ఆయన షాపులో ఏదో మందు తెచ్చి పోశాడు, లాభం లేదు. అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. నిన్న ఆదివారం, ఆయన మార్కెట్‌కు పోయినప్పుడు నాయన వచ్చాడు. జేబులో నుంచి కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. లోపల శనగగింజంత ఎర్రమట్టి ఉండలు, ఎండబెట్టినవి, ఆరు.

"పోయిన తూరి వాకిట్లో నుంచి చూసినా మ్మే. కొత్తాకు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా ఉండాయి. వేరుశనగ బుడ్డల చేనుకూ వస్తాది ఈ తెగులు. ఇనుము తక్కువైతే అట్ల. ఈ ఉండల్లో రవ్వంత అన్నభేది పెట్టినా, అది ఇనుప ఉప్పే. నీళ్లలో కలపొద్దు, వేరు కాడ ఇసకలో గుచ్చల్ల."

"చేపలకేమన్నా అయితే?"

"ఇంటికాడ బకెట్లో ఇసక పోసి, ఉండ గుచ్చి, రెండు చేపలు తెచ్చి ఇడిసినా. ఇరవై దినాలైంది, బాగుండాయి." గొంతు తగ్గించాడు. "నేనిచ్చినానని చెప్పాకు. సెల్లులో చూసి నేర్చుకున్నానని చెప్పు."

అంతలో గేటు చప్పుడైంది. మా ఆయన కూరగాయల సంచితో వచ్చాడు. నాయన చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు.

"ఇవి నాయన చేసినాడు, నీ మొక్కలకు" అని పొట్లం చూపించాను. ఆపితే ఇక చెప్పలేనని తెలుసు. "పోయినేడు యూరియా నేనేసినా. నాయన గాదు."

"చెప్పొద్దంటిని గదా!" నాయన నా మీద కోప్పడటం అదే మొదటిసారి.

మా ఆయన పొట్లం తీసుకొని నాయన చేతికిచ్చి, "రా మామా, యాడ గుచ్చల్లో నువ్వే గుచ్చు" అన్నాడు.

నాయన చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి, నీళ్లలో చెయ్యి పెట్టాడు. చేపలు పక్కకు తప్పుకున్నాయి. ఒక్కో వేరూ వెతికి, ఇసకలోకి ఉండ నొక్కుతున్నాడు. మా ఆయన చాలాసేపు చూసి అడిగాడు.

"చెయ్యని తప్పు నువ్వెందుకు ఒప్పుకుంటివి మామా?"

నాయన తలెత్తలేదు.

"నేను మాపటికి బస్సెక్కి పోయేవాణ్ణి గదప్పా. అది నీతో ఈ ఇంట్లో ఉండల్ల."