ఆరు రాణిగదులు

నేను ఒక ఇనుప పట్టీని. రాణిగదులు కోసింది దండాసి, నింద మోసింది నేను. ఇందులో తేల్చవలసిందేమీ లేదు.

జానెడున్నర పొడవుంటాను. ఒక కొస వంపు, ఒక కొస పదును. అంతకుముందు లారీ కమానులో ఉండేదాన్ని. పలాస రోడ్డు గోతులన్నీ నా వీపుకు తెలుసు. విరిగాక కమ్మరి కొలిమిలో పెట్టి సాగగొట్టాడు. చేయించుకున్నది తారిణమ్మ. తేనెపెట్టెలో పట్టు కట్టే చెక్క చట్రాలను ఈగలు మైనంతో అతికించేస్తాయి. వాటిని పైకి లేపడం నా పని. పదకొండేళ్లు వాడింది. ఒక్కసారీ నన్ను మెచ్చుకోలేదు, ఒక్కసారీ నేల మీద వదిలి వెళ్లలేదు. రెండోది చాలు నాకు.

ఇంటి వెనక జీడితోటలో ఆమెకు మూడు పెట్టెలు. ఎనిమిది రోజులకొకసారి తెరిచేది. రాణి కోసం వెతికేది కాదు. చట్రాన్ని వెలుగుకు వాల్చి గదుల అడుగులోకి చూసేది. అక్కడ తెల్లటి నూకలాంటి గుడ్డు నిలబడి ఉందంటే మూడు రోజుల్లోపు రాణి ఆ దారిన తిరిగినట్టే. గుడ్లు చూశాకే, జీడి పూతవేళ పట్టు అంచున వేలాడే, కొత్త రాణులు పెరిగే రాణిగదులను నాతో కోసేది. అవి ఉంచితే పాత రాణి సగం ఈగలను వెంటేసుకుని లేచిపోతుంది.

ఆమె మొగుడు దండాసి నులకమంచం మీద కూర్చుని ఇదంతా చూసేవాడు. చెయ్యి చూశాడు. చేతికంటే ముందు కన్ను ఏం చేసిందో చూడలేదు.

కార్తీకంలో తారిణమ్మ జ్వరంతో పోయింది. పదోరోజున ఆమె చెల్లెలు నీలవేణి పెట్టెలు తనకిమ్మంది. నీకు చేతకాదు బావా అని అందరి ముందూ అనేసింది. దండాసి ఆమెతో మాట మానేశాడు. ఆమె అన్నది నిజం. మనుషులు అబద్ధమాడినవాళ్లను క్షమిస్తారు గానీ నిజం చెప్పినవాళ్లను క్షమించరు.

రెండు పెట్టెలకు చీమలు పట్టాయి. అతను చూసుకోలేదు. ఈగలు లేచిపోయాయి, ఖాళీ పెట్టెలను చెదలు తినేశాయి. మిగిలింది ఒకటే పెట్టె. అదీ పోతే, ఆ ఇంట్లో తారిణమ్మ పెంచినవాటిలో ప్రాణమున్నది ఇంకేదీ ఉండదు. ఆ భయంతోనే అతను నన్ను చేతపట్టాడు.

మాఘంలో ఓ ఉదయం పెట్టె తెరిచాడు. ఆరు రాణిగదులు కనిపించాయి. భార్య చేసినట్టే అనుకుని ఆరూ కోశాడు. గుడ్లున్నాయో లేదో చూడలేదు. పాత రాణి అప్పటికే చచ్చిపోయింది. ఆ ఆరూ దాని చోటుకు కొత్త రాణి కోసం ఈగలు కట్టుకున్నవి.

పది రోజులకు మళ్లీ తెరిచాడు. ఈగల మోత మారింది. ఒక్కటీ కుదురుగా లేదు. నాలుగైదు గదుల్లో గుడ్లు కనపడి అతని ముఖం వెలిగింది. దగ్గరగా చూశాక ఆరిపోయింది. గదికి మూడేసి గుడ్లు, అడుగున కాదు, గోడలకంటుకుని. రాణి అయితే గదికి ఒక్కటే పెడుతుంది. రాణి లేని ఇంట్లో పనిఈగలే ఇలా పెట్టేస్తాయి. వాటిలోంచి మగ ఈగలు తప్ప పుట్టవు. అవి తేనె తేవు, పుప్పొడి తేవు.

నన్ను గోడకేసి కొట్టాడు. అడిగినవాళ్లందరికీ పట్టీ పదునెక్కువై జారిందని చెప్పాడు. జారితే ఒక గది తెగుతుంది. ఆరు తెగవు.

మర్నాడు నన్ను తువ్వాల్లో చుట్టుకుని పక్క ఊరు నీలవేణి ఇంటికి నడిచాడు. ఆమె పెరట్లో నాలుగు పెట్టెలున్నాయి. జీడిగింజలు ఎండబోస్తున్నదల్లా తలెత్తింది.

"ఏటి బావా, నాకు చేతనవుతాదని నీకెవులు చెప్పినారు?"

అతను నేలకేసి చూస్తూ జరిగింది చెప్పాడు. పట్టీ జారిన సంగతీ చెప్పాడు. నీలవేణి నన్ను తీసుకుని అంచు మీద బొటనవేలు పెట్టి చూసింది.

"ఆరూ జారినాయా?"

దండాసి తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

"నానే కోసినాను."

"ముందల గుడ్లు చూసినావా?"

"నేదు."

"అక్క చూసీది."

"ఇప్పుడు తెలిసింది," అన్నాడు.

ఆమె పెట్టెల దగ్గరికి నడిచింది. తన పెట్టెలోంచి నాతోనే ఒక చట్రం లేపింది. రాణి దాని మీద లేదని రెండు వైపులా చూసుకుని, ఈగలను మెల్లగా దులిపింది. నిన్నా మొన్నా పెట్టిన గుడ్లు దాన్నిండా ఉన్నాయి. మామూలు గుడ్డునే రాణిగా పెంచుకోవడం ఈగలకు తెలుసు. వాటికి కావలసింది రాణి పెట్టిన గుడ్డు ఒక్కటే. తడిగుడ్డ చుట్టి, కుదపకుండా తీసుకెళ్లమంది. నాలుగో రోజు ఒక్కసారి చూసి, గదులు కడితే మూసేసి, నెల్లాళ్లు ముట్టుకోవద్దంది.

దండాసి బస్సెక్కలేదు. పసిబిడ్డను మోసినట్టు చట్రాన్ని మోసుకుని నడిచి, తన పెట్టెలో దించాడు. నాలుగో రోజు చూస్తే పట్టు మీద రెండు కొత్త రాణిగదులు మొదలై ఉన్నాయి. మూత వేశాడు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే పెట్టె దగ్గరకెళ్లి, ద్వారం ముందు గొంతుక్కూర్చుని, పుప్పొడి కాళ్లతో లోపలికెళ్లే ఈగలను చూసి తిరిగొచ్చేవాడు. నన్ను ముట్టుకోలేదు. అతను చేసిన మంచిపని అదే.

నెల్లాళ్లకు నీలవేణిని తానే పిలిచాడు. నాతో చట్రం లేపి, వెలుగుకు వాల్చి, ముందు చూశాడు. గదికి ఒక్కటి. అడుగున. నిటారుగా. వరసలు వరసలుగా. చట్రం ఆమె చేతికిచ్చి కళ్లు తుడుచుకున్నాడు. పొగ అన్నాడు. పొగ పెట్టనే లేదు.

"చూసినావా, ఆ రోజుగాని నువ్వు ముందల గుడ్లు..." అని నీలవేణి మొదలుపెట్టింది.

"ఆ మాట ఇంకెప్పుడూ నా ముందల ఎత్తకు," అన్నాడు దండాసి.

ఊళ్లోవాళ్లకు చెప్పినదాన్ని అతను సరిదిద్దలేదు. వాళ్ల దృష్టిలో తప్పు ఈనాటికీ నాదే. నేను క్షమించలేదు. క్షమించను. కానీ ఎనిమిది రోజులకొకసారి అతను ముందు గుడ్లు చూస్తున్నాడు, తర్వాతే నన్ను అడుగుతున్నాడు. పెట్టె నిండుగా ఉంది, రెండోదానికి చెక్క కోయించాడు. కాబట్టి చెప్పవలసింది ఈ ఒక్కసారి చెప్పాను. మళ్లీ ఎవరడిగినా చెప్పను.