తల్లి వేషం

నాటకమంటే నాకు పానం. అరవై తొమ్మిదిల మా మరిపెడ బడిల తల్లి వేషం నాదే. తప్పిపోయిన కొడుకు కోసం తిరిగే తల్లి. రేపు ఆట అనంగ తెలంగాణ ఉద్యమం లేసింది, బడి బంద్ అయింది, నాటకం ఆగింది. ఆ ఏడే నా పెండ్లి గూడ చేసిండ్రు. ఇగ వేషం లేదు, గీషం లేదు. బర్లు, బియ్యం, పిల్లల ముక్కులు తుడుసుడు.

పిల్లలు జర పెద్దగైనంక మా ఆయన జగపతితోని అన్న, "ఆ నాటకం నేను మల్ల ఆడుత."

"ఊరు నవ్వుతది, కౌసల్యా."

"నవ్వనియ్యి."

ఆయన ఊర్ల పెద్దమనిషి, పరువు ముచ్చట. ఆఖరికి ఒప్పుకున్నడు గని ఒక మెలిక పెట్టిండు. "ఒక్కసారి ఆడు. నవ్వులపాలైతే మల్ల నాటకం పేరెత్తద్దు." సరే అన్న.

అప్పుడు మా సారు నేర్పినయన్నీ పుస్తకం మాటలు. "ఎక్కడికి వెళ్ళావు నాయనా" అనాలె. కొడుకు కోసం ఏడ్సే మా తల్లులు గట్ల మాట్లాడుతరా? మాటలన్నీ మార్చి మనయి చేసిన. నాతోని వేషం కడుతున్న పోశాలు బెదిరిండు.

"అక్కా, సినిమాలల్ల గిట్ల మాట్లాడెటోడు జోకరుగాడే! జనం నవ్వుతరు."

"నోరు మూసుకొని నేర్సుకో."

బడి ముంగట పందిరేసి, ఎండ తగ్గంగనే ఆట మొదలువెట్టినం. నేను ముంగటికొచ్చి పిలిసిన.

"ఓ కొడుకా, యాడికి పోయినవురా? బువ్వ సల్లారుతాంది!"

గొల్లున నవ్విండ్రు. మన ఊరే, మన జనమే! ఇంట్ల పొద్దుమాపు గదే మాట మాట్లాడెటోళ్లు, స్టేజీ మీద ఇనంగనే నవ్వులాట అనుకున్నరు. ముంగట కుర్సీల మా ఆయన తలకాయ వంచుకున్నడు. పోశాలు పక్కన గొణుగుతాండు, "అక్కా, పాతయి చెప్పు, పాతయి!"

పాతయి నాకు నోటికొచ్చు. చెప్తే నవ్వు ఆగుతదని గూడ ఎరుకే. ఒళ్లు మండింది, ఏడుపొచ్చింది. అయినా చెప్పలె. అదే మాట మల్ల అన్న. ఇంకింత నవ్విండ్రు. గొంతు చీరుకపోయేటట్టు మల్లొకసారి అన్న.

ఆడోళ్ల దిక్కు ఓదెమ్మ లేసింది. ఆమె కొడుకు పట్నంల చదువుతాంటే, ఆ ఉద్యమంలనే తూటా తగిలి పోయిండు.

"ఏందిరా నవ్వుడు?" అన్నది. "గా దినం నేను గూడ గట్లనే పిలిసిన."

నవ్వు ఆగింది. ఓదెమ్మ నా దిక్కు జూసి, "చెప్పు బిడ్డా" అన్నది. ఆట అయ్యేదాంక ఆమె నిలవడే ఉన్నది, నేను ఒక్క మాట మార్చకుండ చెప్పిన.

ఇంటికొచ్చినంక, మా ఆయన మెలిక ముచ్చట ఎత్తకముందే నేనే అన్న.

"వచ్చే నెల నర్సింహులపేటల ఆడుతున్నం. బండి కట్టియ్యి."