ఉత్తుత్తి క్లచ్

ఎడమకాలితో ఇక క్లచ్ తొక్కొద్దని మోకాలి డాక్టరు తేలిగ్గా చెప్పేశాడు. మొక్కలమ్మకు మాత్రం కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. పాత పికప్ బండి నిండా పూలకుండీలు పేర్చుకుని వీధి వీధీ తిరిగి అమ్మడం పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టిన పని. ఆ పేరు కూడా అలా వచ్చిందే. పక్క సీట్లో కూర్చుని బేరాలాడే మొగుడికి నడపడం రాదు. ఒకసారి నేర్పబోతే గోడను గుద్ది, దిగి ఆ గోడకే క్షమాపణ చెప్పుకున్న మనిషి. బండి అమ్మేద్దామని ఆయనే అన్నాడు.

ఆ మాట విన్నాక ఆమెకు ముద్ద దిగలేదు. ఎవరైనా వెళ్ళొస్తామంటే వీధి మలుపు దాకా వెంట నడిచి, వాళ్ళు కనుమరుగయ్యాక కూడా అక్కడే నిలబడిపోయే స్వభావం ఆమెది. వెళ్ళినవాళ్ళలో తిరిగి రానివాళ్ళు చాలామందే ఉన్నారు. ఇప్పుడు బండి కూడానా?

సంగతి తెలిసి ఆడపడుచు వచ్చింది. ఆమెకు సొంత మెకానిక్ షెడ్డు ఉంది. బండి కిందికి దూరి, ఒళ్ళంతా మసి చేసుకుని బయటికొచ్చి, అసలు క్లచ్చే లేకుండా చేస్తే సరి అని తేల్చేసింది. ముందుభాగం నుజ్జయిన కొత్తరకం బండొకటి ఆమె షెడ్డులో పడి ఉంది. దాని ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మాత్రం నిక్షేపంగా ఉందట, ఈ ఇంజనుకు అతుకుతుందట.

"ఈ వయసులో దానికి ఇంత పెద్ద ఆపరేషనా? తట్టుకుంటుందా?" అన్నాడు మొగుడు.

"వదిన నిన్నే తట్టుకుందిగా అన్నయ్యా" అంది ఆడపడుచు.

తీరా చూస్తే కొత్త గేర్‌బాక్స్ పాతదానికంటే జానెడు పొడవుంది. దాన్ని మోసే అడ్డకమ్మీని వెనక్కి జరిపారు. వెనక చక్రాలను తిప్పే షాఫ్టును లేతు మిషను దగ్గరికి తీసుకెళ్ళి ఆ మేరకు కోయించారు. మొక్కలమ్మ పక్కనే స్టూలు వేసుకుని, ప్రతి బోల్టుకూ ఇది ఊడిపోదు కదా అని అడుగుతూ కూర్చుంది. విసుగెత్తి ఆడపడుచు మొక్కలకు నీళ్ళు పొయ్యమని పంపిస్తే, ఆ కంగారులో కుండీలన్నీ చెరువులు చేసింది. పాత గేర్‌బాక్సును పాతసామాన్లలో వెయ్యనివ్వలేదు. శుభ్రంగా తుడిచి, గోనెపట్టా చుట్టి మెట్ల కింద పెట్టించింది.

"నీళ్ళు కూడా పోస్తావా వదినా? చిగురేస్తుందేమో" అంది ఆడపడుచు.

మొదటిసారి రోడ్డెక్కినప్పుడు బండి వెన్నలా కదిలింది. చిక్కంతా మలుపు దగ్గరొచ్చింది. ఇన్నేళ్ళ అలవాటున ఎడమకాలు తనంతట తాను క్లచ్ కోసం వెతుక్కుంది. అక్కడ క్లచ్ లేదు. పక్కనే, గేర్‌బాక్సుతో పాటు తెచ్చి బిగించిన వెడల్పాటి కొత్త బ్రేకు పెడలు దొరికింది. బలమంతా పెట్టి దాన్నే తొక్కింది. బండి మేకు కొట్టినట్టు ఆగిపోయింది. ఒళ్ళో కుండీ పెట్టుకున్న మొగుడి మొహం నిండా మట్టి. ప్రతి మలుపులోనూ అదే వరస. వెనక వచ్చే లారీ ఒకటి వెంట్రుకవాసిలో తప్పుకుపోయింది.

ఇంటికొచ్చి ఆమె తాళంచెవి ఆడపడుచు చేతిలో పెట్టేసింది.

"నా కాలు నా మాట వినట్లేదే. ఎవరి ప్రాణమో తియ్యకముందే అమ్మిపారెయ్యండి."

ఆడపడుచు బండి తలుపు తీసింది. లోపలికి వంగి పెడళ్ళను చూసింది. తర్వాత విప్పి పారేసిన సామాన్లలో వెతికి పాత క్లచ్ పెడలు పట్టుకొచ్చి, దాని చోటులోనే మళ్ళీ బిగించింది. బలమైన స్ప్రింగు తీసి మెత్తటిది వేసింది. బ్రేకుకు మళ్ళీ పాత చిన్న పెడలే పెట్టింది. వేలితో నొక్కినా క్లచ్ దిగిపోతోంది. మోకాలికి ఏ బాధా ఉండదు.

"దీన్ని దేనికీ తగిలించలేదు వదినా. నీ కాలికి తోచినప్పుడల్లా తొక్కుకో."

"అంటే ఉత్తుత్తి క్లచ్చా?"

"మా అన్నయ్య మీ ఇంటికి పెద్ద కాడూ? అలాగే అనుకో."

మొగుడు కూడా నవ్వేశాడు.

ఈసారి మలుపులో ఎడమకాలు దిగి, తన పని తాను చేసినట్టు తృప్తిగా పైకి లేచింది. బండి కుడికాలి మాట విని మెల్లగా తిరిగింది. ఇంకో మలుపు కూడా అలాగే. అప్పటికి ధైర్యం వచ్చి, మోకాలు నొప్పి మొదలైనప్పటి నుంచి ఎగ్గొడుతున్న ఎత్తు వీధికి బండి తిప్పింది. మధ్యలో ఇంజను గొంతు కాస్త బరువెక్కింది. ఆమె కుడికాలు ఇంకాస్త నొక్కింది. గేరు దానంతటదే తగ్గింది. బండి ఆగకుండా పైకెక్కేసింది.

కిటికీలోంచి ఒకావిడ పిలిచి, ఇన్నాళ్ళూ ఏమైపోయావని నిష్ఠూరమాడింది.

"నా ఎడమకాలు పని మానేసిందమ్మా. ఇప్పుడు దాన్ని కూర్చోబెట్టి మేపుతున్నాం" అంది మొక్కలమ్మ.

ఆవిడ అడిగిన కుండీని మొగుడు దిగి ఇచ్చొచ్చాడు. ఎత్తు వీధి ఇంకా చాలా ఉంది. ఆయన ఎక్కి తలుపు వేసుకున్నాక ఆమె బండిని ముందుకు పోనిచ్చింది.