కుళ్లుతో అడిగిన ప్రశ్నలు

చెల్లెలు తొమ్మిదో తరగతిలోకి రాగానే ఇంట్లో కాలేజీ మాట మొదలైంది. మొదలుపెట్టింది పిన్ని. స్కూల్లో లెక్కలు చెప్పే పిన్నికి పిల్లలు లేరు. తన అక్క కూతుళ్లిద్దరిలో చిన్నదాని మీదే ఆవిడకు గంపెడాశ. ఎప్పుడూ గలగలలాడుతుందని చిన్నదాన్ని అందరూ పిచ్చుక అనేవారు. పెద్దదానికి ముద్దుపేరు లేదు. అక్క, అంతే.

అక్క కళ్లజోళ్ల షాపులో పనిచేసేది. ఆమె స్కూలు చివరి ఏడాదిలో ఉండగా అమ్మ నడుముకు ఆపరేషనైంది. వంట, బట్టలు, అమ్మను లేపి కూర్చోబెట్టడం, అన్నీ అక్క నెత్తిన పడ్డాయి. అమ్మ కోలుకునేసరికి కాలేజీలు తెరిచేశారు. మరుసటేడు కూడా ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. అక్క షాపులో చేరింది.

పిచ్చుక విషయంలో అలా జరగనివ్వలేదు పిన్ని. తొమ్మిదిలో చదివిన ప్రతి పుస్తకం గురించీ తనకు నోటితో చెప్పించుకుంది. పదిలో లెక్కలు పదేపదే చేయించింది. ఆ ఏడే ఇద్దరూ పడుకునే గదిలోంచి అక్క మంచం హాల్లోకి వచ్చింది. “దానికి కాస్త ప్రశాంతంగా ఉండాలి కదే,” అంది అమ్మ. పదకొండులో పిన్ని దాన్ని వెంటబెట్టుకెళ్లి కాలేజీలన్నీ చూపించింది. లైబ్రరీ ఎంత పెద్దదో, వంతెనల నమూనాలు పెట్టిన గది ఎలా ఉందో చెల్లెలు చేతులు తిప్పుతూ చెబుతుంటే అక్క “అబ్బో” అని లేచి వెళ్లిపోయింది. ఓసారి పిచ్చుకకు భౌతికశాస్త్రంలో మార్కులు తగ్గాయి. ఇల్లంతా ముఖాలు వేలాడేసుకుంటే అక్కకు లోపల చల్లగా అనిపించింది. ఛీ, ఇదేం బుద్ధి అనుకుంది. అనుకున్నా ఆ చల్లదనం పోలేదు.

చివరి ఏడాది, కాలేజీలో సీటు కోసం ఇంటర్వ్యూ దగ్గరపడింది.

“నువ్వు ప్రశ్నలడగక్కా. నేను ప్రాక్టీసు చేసుకుంటాను,” అంది పిచ్చుక.

“మీ పిన్ని ఉందిగా.”

“నువ్వే అడగాలి.”

సరే, చూద్దాం దీని సంగతి అనుకుంది అక్క. ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్లకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు.

“నీలాంటి మార్కులున్నవాళ్లు బయట బోలెడుమంది. సీటు నీకే ఎందుకివ్వాలి?”

“నాకు వంతెనలంటే చిన్నప్పట్నుంచీ ఇష్టమండీ.”

“ఇష్టమైతే వెళ్లి చూసి రా. కట్టడం దేనికి?”

పిచ్చుక బల్ల అంచు గోకసాగింది.

“ఈ ముక్కలు నీవేనా, ఎవరైనా నేర్పి పంపారా?”

పిచ్చుక కళ్లల్లో నీళ్లు తిరిగాయి. లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. వంటింట్లోంచి అమ్మ, “ఏమన్నావే దాన్ని?” అని అరిచింది.

“అడగమంది, అడిగాను.”

మరుసటి ఆదివారం పిచ్చుక తనే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. “మళ్లీ అడుగు.” ఈసారి జవాబులు చెప్పింది. అక్కకు ఒళ్లు మండింది. దీన్ని ఎలాగైనా తడబడేలా చేయాలని చెల్లెలి పుస్తకాలు షాపుకు పట్టుకెళ్లి, జనం లేనప్పుడు చదవసాగింది. మొదట్లో తప్పులు పట్టడానికే చదివింది. పోనుపోను, ఎవరైనా కళ్లజోడు కోసం వస్తే అయ్యో, ఈ పేజీ అయ్యాక రాకూడదా అనిపించేది. ప్రశ్నలు మాత్రం వారం వారం పదునెక్కాయి.

సీటు వచ్చింది. పక్కింటివాళ్ల ముందు పిన్ని, “నాలుగేళ్ల కష్టం,” అని కళ్లు తుడుచుకుంటుంటే అక్క బాల్కనీలోకి వెళ్లి నిలబడింది. వెనకే పిచ్చుక వచ్చింది.

“సంతోషంగా లేవు కదూ?”

“లేను. కుళ్లుగా ఉంది. నీ మీద కుళ్లుతోనే అడిగాను అవన్నీ.”

“నాకు తెలుసు. అందుకే నిన్నడిగింది. పిన్ని అయితే నామీద జాలిపడుతుంది. ఇంటర్వ్యూలో వాళ్లేం జాలిపడరుగా.”

అక్కకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. చెల్లెల్ని పక్కకు నెట్టి తిన్నగా హాల్లోకి నడిచింది.

“పిన్నీ, నాక్కూడా చదువు చెప్తావా?”

పిన్ని తెల్లబోయింది. “చదువు చెప్పమని నువ్వెప్పుడూ అడగలేదేమే?”

“పిచ్చుక అడిగిందా?”

అమ్మ తలొంచుకుంది. పిన్ని కుర్చీ లాగి అక్కను కూర్చోబెట్టి, “లెక్కలు ఎంతవరకు గుర్తున్నాయి?” అని అడిగింది.

అక్క చాలావరకు మరిచిపోయింది. మొదటిసారి కాలేజీ ప్రవేశపరీక్ష తప్పింది. రెండోసారికి సాయంత్రం కాలేజీలో సీటొచ్చింది. పగలు షాపు, సాయంత్రం క్లాసులు. అప్పటికి పిచ్చుక రెండేళ్లు ముందుంది. అక్కకు అందుకూ కుళ్లే. కాకపోతే ఇప్పుడు ఆ మాట చెల్లెలి ముఖం మీదే అనేసి, తనకు అర్థంకాని లెక్క దానిచేతే చెప్పించుకునేది.