పొడుగు కడ్డీ

“పొడుగుది డ్రాయర్ల పట్టదమ్మా. మడిచేది తీసుకుందాం అంటె వినవేంది?” యమున ఫోను తల్లి ముందుకు జరిపింది.

“మడిచేది మరీ పొట్టిగుంది.”

“గిన్నెడు పాలకు ఎంత పొడుగు కావాల్నమ్మా? గిది మూడు సెకన్లల్ల వేడెంతుందో చూపిస్తది.”

“లేటైతే కానీ. కడ్డీ మాత్రం పొడుగుండాలె,” అంది పద్మలత ఇడ్లీ తుంచుతూ.

వంటింటి థర్మామీటరు గురించి ఈ వాదన నిన్న రాత్రి భోజనాల దగ్గర మొదలైంది. రాంప్రసాద్ కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి ఫోను అందుకున్నాడు. కరెంటాఫీసులో మీటర్లతో బతికి రిటైరైన మనిషి. “ముందు గ్యారంటీ చూడు బిడ్డా. నీళ్లు పోతే పాడయ్యేది వద్దు. అంకెలు పెద్దగుండాలె. అక్కకు దగ్గరివి సరిగ కనబడయి.”

“ఫ్రిజ్ కొన్ననాడు గూడ ఇన్ని చూడలే నువ్వు,” అంది యమున.

సారలమ్మ పొయ్యి దగ్గర నిలబడి తన కోసమే జరుగుతున్న ఆ బేరాన్ని వింటోంది. గరిటెతో సాంబారు గిన్నెలో పోసి తెచ్చి బల్ల మీద పెట్టింది.

“నాకెందుకు బిడ్డా అది? వేలు పెడితే తెలుస్తలేదా?”

రాంప్రసాద్ ఇంకాస్త చట్నీ అడిగాడు.

వాళ్లు ముగ్గురూ వెళ్లాక మట్టెవాడలోని ఆ ఇంట్లో కుక్కరు చప్పుడు, గిన్నెల చప్పుడు తప్ప మరేమీ ఉండదు. పద్మలత బడికి, యమున హసన్‌పర్తి కాలేజీలో ఉద్యోగానికి, రాంప్రసాద్ ఎవరో ఒక పాత స్నేహితుడి దుకాణానికి. సారలమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని సింకు ముందు నిలబడింది. పొట్టి మనిషి. భుజాలు ముందుకు వంగాయి. జుట్టు పలచబడి ముడి నిమ్మకాయంత అయింది. డోర్నకల్‌లో రైలు పట్టాల మీద పనిచేసే భర్త పోయినప్పుడు తమ్ముడు రాంప్రసాద్ వచ్చి తీసుకొచ్చాడు. అప్పటికి పద్మలత నిండు చూలాలు. కాన్పయిందాకా ఉంటే చాలనుకుంది. కాన్పయింది, పద్మలతకు టీచరు ఉద్యోగం వచ్చింది. యమున సీసా పాలు ఎంత వెచ్చగా ఉండాలో ఆ ఇంట్లో సారలమ్మ వేలికి తప్ప ఇంకెవరికీ తెలియకుండా పోయింది.

ఆ వేళ్ల మీదే పోయిన వానాకాలంలో మచ్చ మొదలైంది. కుడి చూపుడు వేలి గోరు పక్కన మెతుకంత తెల్లటి చుక్క. సున్నం అంటిందేమో అనుకుని రుద్దింది. దసరా నాటికి రెండు చేతుల వేళ్లూ రెండో కణుపు దాకా తెల్లబడ్డాయి, బియ్యప్పిండిలో ముంచి తీసినట్టు. చర్మం డాక్టరు దగ్గరికి రాంప్రసాదే తీసుకెళ్లాడు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదమ్మా, ఫికర్ చేయకు అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి రాంప్రసాద్ అందరికీ ఆ మాటే చెప్పాడు. పద్మలత తల ఊపింది. యమున ఫోనులో వెతికి, నిజమే, అంటదు అంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆ మచ్చల పేరు ఎత్తలేదు.

సారలమ్మ ఫ్రిజ్ తెరిచింది. తను నిన్న తోడేసిన పెరుగు గిన్నె అలాగే ఉంది. పైన మీగడ చెదరలేదు. పక్కన పాకెట్ పెరుగు, మూతి కత్తిరించి, రబ్బరు బ్యాండు వేసి.

పద్మలతకు జలుబన్నారు. యమునకు డైటింగన్నారు. జలుబూ డైటింగూ ఉన్నవాళ్లు పాకెట్ పెరుగెట్లా తింటున్నారని ఆమెకు తోచలేదు. తన పెరుగు పులుస్తోందేమోననుకుంది. తోడు తగ్గించి చూసింది. పాలు ఇంకా చల్లారనిచ్చి చూసింది. మట్టి గిన్నె కొనుక్కొచ్చి అందులో వేసి చూసింది. మిగిలింది మిగిలినట్టే మజ్జిగ చేసుకుని తనే తాగేది. ఈ మధ్య మూడు పూటలా మజ్జిగే.

ఆ మధ్యాహ్నం కూడా అదే పోసుకుని వంటింటి గడపలో కూర్చుని అన్నం తింది. తమ్ముడు భోజనానికి వచ్చినప్పుడు పెరుగు వేయబోతే, చెయ్యి అడ్డం పెట్టి, “కడుపు నిండిందక్కా” అన్నాడు.

సాయంత్రం యమున థర్మామీటరు తెచ్చింది. హన్మకొండలో కేకుల సామాను అమ్మే దుకాణంలో దొరికింది. తల్లి మాటే నెగ్గింది. జానెడు కంటే పొడుగైన సన్నటి స్టీలు కడ్డీ, పైన నల్లటి పిడి, పిడి మీద అంకెలు. రాంప్రసాద్ ముందు ఐసు నీళ్లలో ముంచాడు. సున్నా. తర్వాత మరిగే నీళ్లలో. తొంభై తొమ్మిది. “పక్కా ఉన్నది,” అన్నాడు చిన్నపిల్లాడిలా.

“ఇట్ల పైన పట్టుకోవాలె వదినె,” పద్మలత చూపించింది. “చెయ్యి గిన్నె మీదికి రావద్దు.”

సారలమ్మ పట్టుకుని చూసి తిరిగి బల్ల మీద పెట్టింది. పద్మలత తడిగుడ్డ తీసుకుని తుడిచింది. కడ్డీని కాదు, పిడిని.

పొయ్యి పక్కన కాచిన పాలు చల్లారుతున్నాయి. సారలమ్మ ఏమీ ఆలోచించలేదు. రోజూ ఆ వేళకు చెయ్యి చేసే పని అది. చిటికెన వేలు పాలలో ముంచి తీసింది. ఇంకాస్త చల్లారాలి.

“అందుకేగదక్కా ఇది తెప్పిచ్చింది,” అన్నాడు రాంప్రసాద్.

కోపంగా అనలేదు. బతిమాలినట్టు అన్నాడు. సారలమ్మ తమ్ముడి మొహంలోకి చూసింది. అతను థర్మామీటరు వంక చూస్తున్నాడు.

యమున ఆ పాలగిన్నెను పక్కకు జరిపింది. ఫ్రిజ్‌లోంచి ఇంకో పాకెట్ తీసింది. “వేరేయి కాగబెడ్త,” అంది ఎవరికీ చెప్పనట్టు. కత్తెర కోసం వెతుకుతుంటే సారలమ్మే చూపించింది, మేకుకు వేలాడుతోందని.

కొత్త పాలు పొంగాయి. గిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టి చల్లార్చారు. నలుగురూ చుట్టూ నిలబడ్డారు. పద్మలత పైన పట్టుకుని కడ్డీని దింపింది. అరవై. యాభై రెండు. నలభై మూడు.

“సరిపోయింది,” అంది యమున.

“వదినె, తోడేది?” పద్మలత చెయ్యి చాపింది.

సారలమ్మ గూట్లోంచి చిన్న స్టీలు గిన్నె తీసింది. ఇవ్వకుండా పట్టుకుని నిలబడింది.

“ఇది గూడ నేను వేలు వెట్టిన పాలదే పద్మా. దీనికి తోడేసిన నిన్నటిది గూడ. మొన్నటిది గూడ.”

పద్మలత చాపిన చెయ్యి మెల్లగా దించుకుంది.

“గట్ల కాదు అత్తమ్మా...” అంది యమున.

సారలమ్మ గొంతు పెంచలేదు. రేపు ఏం కూర చేయాలో చెప్పినంత మామూలుగా చెప్పింది. “రేపటి సంది ఎనక అర్రల నా మందం నేను వేరే వండుకుంట. అటుక మీద చిన్న స్టవ్ ఉన్నదిగద. మీ వంటకు సందు చివర మల్లక్కను అడుగుండ్రి. మంచిగ చేస్తది. చేతులు గూడ మంచిగున్నయి.”

“ఒక్క ఇంట్ల రెండు పొయ్యిలేందక్కా? ఎవరన్న వింటే ఏమనుకుంటరు?” అన్నాడు రాంప్రసాద్.

“చెప్పకుండ్రి.”

తోడు గిన్నె మీద మూత పెట్టి, తను వేలు పెట్టిన పాలగిన్నెను కూడా రెండో చేత్తో ఎత్తుకుని ఆమె వెనక గదిలోకి వెళ్లింది. తలుపు వెయ్యలేదు, దగ్గరగా జరిపింది.

పొయ్యి పక్కన, తోడులేని పాలలో పొడుగు కడ్డీ నిలబడే ఉంది. నలభై రెండు. నలభై ఒకటి. ఎవరూ ముట్టుకోకపోయేసరికి కాసేపటికి అంకెలు వాటంతట అవే ఆరిపోయాయి.