టీచరు ఊదిన ప్లేటు

నోరు మూసుకుని పని చేయమంటే టీచర్ల ప్రాణం ఎంత విలవిల్లాడుతుందో ఆ వారం ఆ ల్యాబులో చూసి తీరాల్సిందే. కంటి చుక్కల మందు తయారుచేసే ఫ్యాక్టరీ అది. మందులో క్రిములేమైనా చేరాయా అని పరీక్షించడం ఆ ల్యాబు పని. పాఠంలో చదివింది ఎవరికి ఎక్కడ బతుకుతెరువు అవుతోందో కళ్ళారా చూసి పిల్లలకు చెప్పండని స్కూళ్ళలో సైన్సు చెప్పేవాళ్ళను కొందరిని శిక్షణకు పిలిచారు. మంచి ఆలోచనే, ఎవరు కాదన్నారు? కాకపోతే మొదటి రోజే ఇన్‌చార్జి మేడమ్ పెట్టిన నియమం వాళ్ళకు గొంతులో పచ్చి వెలక్కాయ పడినట్టయింది. క్రిములు మొలవడానికి జావ పోసి ఉంచే ప్లేట్లుంటాయి అక్కడ, వాటిమీద ఏ క్రిమి పడినా రెండు మూడు రోజుల్లో చుక్కగా మొలుస్తుంది. మూత తీసిన ప్లేటు దగ్గర ఎవరూ మాట్లాడకూడదు.

"ఇంకేం, మేం ఇంటికెళ్ళిపోవచ్చు," అన్నారు వాళ్ళలో ఒక పొట్టి మాస్టారు.

అందరూ నవ్వారు. బయాలజీ టీచరు ఒక్కతే నవ్వలేదు. ఆమెకు నవ్వే ఓపిక లేదు.

ఆమె కూతురు పండుకు డాక్టరు సీటు పరీక్ష మూడోసారి కూడా పోయింది. ఫలితాలు వచ్చిన రోజు ఆ పిల్ల అడిగింది ఒకే ఒక్క మాట.

"ఇప్పుడు నేనేం చెయ్యనమ్మా?"

ఇన్నేళ్ళుగా బయాలజీ చెప్పుకుంటూ వచ్చిన మనిషి నీళ్ళు నమిలింది. బయాలజీ చదివినవాళ్ళు డాక్టరు కాకపోతే ఏమవుతారో ఆమెకే తెలీదు. తరగతిలో ఎవరైనా అడిగితే "ముందు బాగా చదువు, తర్వాత చూద్దాం" అని దాటేసేది. సొంత కూతురి దగ్గర అదీ నోట రాలేదు. పండు గోడ వైపు తిరిగి పడుకుంది. అప్పటినుంచి అంతే. తిట్టినా, బతిమాలినా, మంచం పట్టుకుని ఏడ్చినా ఆ పిల్ల ఉలకదు, పలకదు. కంచం తలుపు దగ్గర పెడితే సగం తిని బయటికి తోస్తుంది. స్కూల్లో ఉన్నంతసేపూ టీచరు మనసు ఆ తలుపు దగ్గరే ఉండేది. ఇంటికొచ్చి తలుపు తట్టేముందు లోపల్నుంచి దగ్గో, మంచం కిర్రుమన్న చప్పుడో వినపడే దాకా ఊపిరి బిగబట్టుకునేది.

అందుకే శిక్షణ అనగానే ఎగిరి గంతేసి పేరిచ్చింది. పిల్లలందరికీ కాకపోయినా, తన పిల్లకు ఒక్క జవాబు దొరికితే చాలు.

దొరికింది కూడా. ఆ ల్యాబులో పండుకన్నా కాస్త పెద్ద అమ్మాయిలు ప్లేట్లు వెలుతురుకు పట్టుకుని, వాటిమీద మొలిచిన చుక్కల్ని చూసి, ఇది గాలిలోంచి పడింది, ఇది ఎవరి చర్మం మీదిదో అని తేల్చి చెబుతున్నారు. వాళ్ళు సరేనంటేనే మందు బయటికి వెళుతుంది. ఎనిమిదో తరగతి సూక్ష్మజీవుల పాఠం! ప్రతి ఏడూ బోర్డు మీద గుండ్రాలు గీసి, పరీక్షలో నాలుగు మార్కులకు వస్తుందని చెప్పి తుడిచేసే పాఠం! ఇది ఉద్యోగమా? దీనికి జీతమిస్తారా? టీచరుకు సంతోషం వేసింది, ఆ వెంటనే తనమీద తనకే ఒళ్ళు మండింది.

చివరి రోజు ప్రతి టీచరూ ఒక పాఠాన్ని అక్కడి పనితో ముడిపెట్టి చేసి చూపించాలి. తలా ఒక పిల్లనో పిల్లాడినో తెచ్చుకోవచ్చు, వాళ్ళు అద్దం అవతల నిలబడి చూస్తారు. టీచరు కూతురి కాళ్ళావేళ్ళా పడింది.

"నాకోసం వద్దులే. సంచి బరువుగా ఉంది, మొయ్యడానికి రా తల్లీ."

ఆమె పోరు పడలేక వచ్చింది పండు. నెలల తర్వాత గడప దాటిన పిల్ల, ఎండకు కళ్ళు చికిలించుకుంటూ. అద్దం అవతల ఓ మూల, సంచి ఒళ్ళో పెట్టుకుని, నేల చూపులు చూస్తూ కూర్చుంది.

టీచరు వంతు వచ్చింది. తొడుగులు వేసుకుంది, మాస్కు కట్టుకుంది, రెండు ప్లేట్లు ముందు పెట్టుకుంది. ఒకటి మూత తీయకుండా పోలికకు పక్కన పెట్టాలి. రెండోదాని మూత తీసి, మందు చుక్క వేసి, మూసెయ్యాలి. మూసేశాకే మాట్లాడాలి. రాత్రంతా వల్లె వేసుకున్నదే. మూత తీసి తలెత్తి చూస్తే పండు ఇంకా నేలవైపే చూస్తోంది. ఇవాళ కూడా ఇది తలెత్తకపోతే ఇంకెప్పుడు?

అంతే, పాత అలవాటు ముంచుకొచ్చింది. చివరి బెంచీకి వినపడకపోతే అది పాఠం కాదు కదా. మాస్కు గడ్డం కిందికి లాగేసింది.

"పండూ, ఇటు చూడు! దీన్ని చూసి చెప్పేవాళ్ళుంటారు, అదే వాళ్ళ ఉద్యోగం!"

ప్లేటు మీద ఏదో నలుసు కనపడింది. బల్ల మీద సుద్దపొడి పడితే చేసే పనే చేసింది. ఉఫ్ అని ఊదింది.

ఇన్‌చార్జి మేడమ్ అద్దం మీద దబదబా బాదింది. "బయటికి రండి! ముందు బయటికి రండి! మధ్యాహ్నం ఆ బల్ల మీదే మందు పరీక్షుంది. ఇప్పుడు గదంతా మళ్ళీ శుభ్రం చెయ్యాలి. చెప్పిందే చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది, మీకు తలకెక్కదా?"

కూతురి ఎదుట తల తీసేసినట్టయింది. మిగతా టీచర్ల వంతులు అక్కడితో ఆగిపోయాయి. పొట్టి మాస్టారు కూడా ఒక్క జోకు వెయ్యలేదు. "మీరు మళ్ళీ ఈ గదిలో అడుగుపెట్టొద్దు," అంది మేడమ్. బస్సులో పండు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంటికి రాగానే గదిలోకి పోయి తలుపేసుకుంది. ఉన్న ఒక్క జవాబునూ చేతులారా పాడు చేసుకున్నానని టీచరు తలుపు బయట కూలబడి, వినపడకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మూడో రోజు పొద్దున తలుపు వెనకనుంచి గొంతు వినిపించింది.

"అమ్మా, ఆ ప్లేట్లు పారేశారా?"

టీచరు చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బస్సుకు పరిగెత్తింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి, తిట్టినా పడతాను, ఒక్కసారి ఆ ప్లేట్లు చూపించమంది. వాటిని పట్టుకుని ఇన్‌చార్జి మేడమే గేటు దాకా వచ్చింది.

"పారెయ్యం. ఎక్కడ తప్పు జరిగిందో చెప్పేది ఇవే. అది చదవడమే మా పని," అంది. అప్పటికీ ఆమె మొహంలో నవ్వు లేదు.

మూతలకు చుట్టూ టేపు వేసి ఉంది. టీచరు రెండింటికీ ఫోన్లో ఫొటో తీసుకుంది. ఇంటికొచ్చి తలుపు సందులోంచి ఫోను లోపలికి అందించింది. కాసేపటికి తలుపు తెరుచుకుంది. గడియ తీసిన పండు వెనక్కి వెళ్ళి మంచం మీద కూర్చుంది. ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి చూస్తోంది. ఒక ప్లేటు తేటగా, ఖాళీగా ఉంది. రెండోదాని మీద తెల్లవి, పసుపువి, చుక్కలే చుక్కలు.

"ఇవన్నీ నీ నోట్లోవేనా?"

"నావే."

"ఇక్కడ కుప్పపోసినట్టున్నాయేంటి?"

"అక్కడే ఊదాను."

"మరి ఇవి?"

"మాట్లాడినప్పుడు పడుంటాయి."

పండు రెండు ఫొటోలనూ మార్చి మార్చి చూసింది. ఆ చూపు టీచరు ఎరుగును. చిన్నప్పుడు చీమల బారు పక్కన బోర్లా పడుకుని చూసిన చూపు అది.

"నువ్వు నోరు తెరవకుండా ఉంటే ఇది కూడా దానిలాగే ఉండేదా?"

"ఉండేది."

"నన్నోసారి అక్కడికి పంపమ్మా. నేను చూడాలి." ఫోనులోంచి తలెత్తకుండానే అంది. "నువ్వు మాత్రం రాకు."

ఎన్నో మాటలు ఒక్కసారిగా నోటిదాకా తోసుకొచ్చాయి. వాళ్ళు నిన్ను రానిస్తారో లేదో, నేను అడుగుతాలే, ఏం చదవాలో కనుక్కుంటా, ఏ కాలేజీలో ఉందో చూస్తా, ముందు అన్నం తిను. టీచరు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది. కళ్ళనీళ్ళు వేళ్ళ మీదుగా కారుతున్నా ఆ చెయ్యి మాత్రం తియ్యలేదు.