ప్లేటు ఎనిమిదిన్నర

చేతిలో బూరెల గరిటె పట్టుకుని, చెవికీ భుజానికీ మధ్య సెల్‌ఫోను ఇరికించుకుని నిలబడ్డ మాణిక్యాలరావుకి బ్యాంకు నుంచి అనిత మేడమ్ చెప్పిన మాట "ఫ్లోటింగ్ రేటు". అతనున్నది రాజోలు దగ్గర పెళ్ళివారి కొబ్బరితోట. ఓ పక్క జనరేటరు, ఓ పక్క సన్నాయిమేళం, మధ్యలో సలసల కాగుతున్న నూనె. ఇన్నింటినీ ఈదుకుంటూ వచ్చిన 'ఫ్లోటింగ్' పాపం తేలలేక మునిగిపోయింది. అతని చెవి ఒడ్డుకి కొట్టుకొచ్చింది మాత్రం "ప్లేటు రేటు".

"మీ ఫ్లోటింగ్ రేటు ఎనిమిదిన్నర పడుతుందండీ. ఖాయం చేసేయమంటారా?" అంది అనిత.

"ప్లేటు ఎనిమిదిన్నరా!" గరిటె గాల్లో ఆగిపోయింది. "ఎనిమిదిన్నరకి ఏం వస్తుందండీ మేడమ్ గారూ? అరిటాకు వేసి, ఓ మూల ఉప్పు వేసి, గ్లాసుడు మంచినీళ్ళు పెడతానండి. జనం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని లేచిపోవాలండి!"

జనరేటరు అటువైపు కూడా తన పని తాను చేసింది. ఉప్పు, మంచినీళ్ళు అన్న రెండు ముక్కలు విని, ఇతను బేరం ఆడుతున్నాడనే అనుకుంది అనిత.

"ఇంతకన్నా తగ్గించడం నా చేతిలో లేదండీ."

"ఇంకా తగ్గిద్దామని కూడా ఉందేంటండీ!"

"పోనీ, ఫిక్స్ చేసుకుంటే పదిన్నరండీ."

"ఓహో, రెండు రూపాయలు పెంచేరా! మహరాజులండీ! మా వల్ల కాదు గానీ, వేరేవాళ్ళని చూసుకోండమ్మా."

ఫోను జేబులోకి, బూరె నూనెలోకి వెళ్ళాయి. రెండూ వేడిగానే ఉన్నాయి.

ఇందులో తప్పు చెవిది కాదు, వృత్తిది. కొత్తపేటలో పెళ్ళివంటల కాంట్రాక్టు చేసే మనిషికి లోకంలో ప్లేటు రేటు తప్ప వేరే రేటు ఉండదు. పైగా కిందటి వైశాఖంలో ఓ పెళ్ళిబంతిలో ఆ బ్యాంకు మేనేజరు పనసపొట్టు కూర మూడోసారి వేయించుకుని, "మా బ్రాంచి పండక్కి మీరే వండాలండోయ్" అన్నాడు. ఆ పండగ ఇదేనని మాణిక్యాలరావు అనుకున్నాడు. అదే బ్యాంకులో అతని ఇంటిలోను కాగితాలు కూడా ఉన్నాయన్న సంగతి ఆ నూనెపొగలో గుర్తుకు రాలేదు. పక్కన కూరలు తరుగుతున్న రమణమ్మ మాత్రం అంతా విన్నది. ఆవిడ కత్తిపీటకి ఎంత పదునో నోటికీ అంతే. మొదటి బంతి లేచేలోపు రాజోలంతా, ఆఖరి బంతి లేచేలోపు అమలాపురం దాకా ఒకటే మాట. "బ్యాంకోళ్ళు ప్లేటు ఎనిమిదిన్నరకి భోజనం అడిగేరంట! ఇలాగే కూడబెడతారు కాబోలమ్మా!"

సాయంత్రం ఇంటికొచ్చి గుండిగలు దింపుకుంటుంటే భార్య సూర్యావతి గుమ్మంలోనే నిలదీసింది. పెళ్ళివారితో బేరాలు, సరుకుల కొనుగోళ్ళు ఆవిడవి. పొయ్యి దగ్గర మాణిక్యాలరావు మారాజైతే, పొయ్యి దాటితే ఆవిడే మంత్రీ, మహారాణీ.

"బ్యాంకోళ్ళ మీద కేకలేసేరంట?"

"ప్లేటు ఎనిమిదిన్నరంటే మరి ముద్దెట్టుకుంటానేంటే!"

"అరవకపోతే నష్టమేంటండీ? అక్కడ మన లోను ఉందా లేదా? వడ్డించేవాడు మనవాడైతే బంతిలో ఎక్కడ కూర్చున్నా పరవాలేదంటారు. మీరేమో వడ్డించేవాణ్ణే తిట్టి బంతిలో కూర్చుందామంటున్నారు! ఎనిమిదిన్నరకైనా వండి పారేస్తానంటే పోయేది కదా!"

మాణిక్యాలరావు గొంతులో అప్పటిదాకా ఉన్న పొగరు పొగలా లేచిపోయింది. వాళ్ళ వంటని పొగడనివాడు కోనసీమలో లేడు, వాళ్ళ పొగకి పొగలు కక్కని ఇంటివాడూ లేడు. ఎక్కడ అద్దెకి దిగినా అదే కథ. ఇప్పటి ఇంటివాడు బుచ్చిరాజుగారు కూడా "నేను గోడకి సున్నం వేయించేను, మీరు మసి వేశారు. ఉగాదికల్లా ఖాళీ చేసేయండి" అనేశాడు. కొత్తపేట కాలవగట్టున పెద్ద పెరడున్న ఇల్లొకటి అమ్మకానికొస్తే, సూర్యావతి తన గాజులతో సహా బయానా కట్టేసింది. పెరట్లో గాడిపొయ్యి ఎక్కడ తవ్వించాలో, గుండిగలు ఏ వసారాలో బోర్లించాలో అన్నీ మనసులో అమర్చేసుకుంది. లోను వస్తే ఆ ఇల్లు ఇల్లవుతుంది. రాకపోతే ఇల్లూ లేదు, గాజులూ లేవు.

ఆ లోనులోనే ఉంది మెలిక. 'రేపటిలోగా బ్రాంచికి వచ్చి ఫిక్స్‌డా, ఫ్లోటింగా తేల్చి చెప్పండి, లేకపోతే ఫైలు వెనక్కి వెళ్తుంది' అని సాయంత్రమే ఫోనుకి సందేశం వచ్చింది. అందులో రేట్లు మాత్రం లేవు. ఫిక్స్‌డ్ అంటే కట్టే వడ్డీ చివరిదాకా కదలదు, కానీ కాస్త ఎక్కువ. ఫ్లోటింగ్ అంటే ఇప్పుడు తక్కువ, ముందు ముందు పైకెళ్ళొచ్చు, కిందకీ రావచ్చు. ఇంతవరకూ దరఖాస్తు పెట్టిన రోజునే అనిత చెప్పింది. అప్పణ్ణుంచీ మొగుడూపెళ్ళాల మధ్య గృహ ఋణం కాస్తా గృహ రణమై కూర్చుంది.

"ఫిక్స్‌డేనే. అందులో మాటే లేదు," అన్నాడు మాణిక్యాలరావు మడతమంచం మీద కూలబడుతూ. "తేలే వడ్డీ అంటారు గానీ, అది ఎంతకి తేలుతుందో ఎప్పటికీ తేలదు. ముక్కామల పెళ్ళి మర్చిపోయేవా?"

మర్చిపోయే పెళ్ళి కాదది. వైశాఖంలో ప్లేటు ఇంత అని ఖాయం చేసి, శ్రావణంలో వండాల్సి వచ్చింది. ఈలోగా టమాటా ధర ఆకాశానికెక్కి కూర్చుంది. టమాటాలో 'మాట' ఉంది గానీ, మాట మీద నిలబడే గుణం లేదు. మాట మీద నిలబడ్డది మాణిక్యాలరావే. ఆ పెళ్ళిలో అప్పగింతల వేళ పిల్ల తండ్రి కన్నా ఇతనే ఎక్కువ ఏడ్చాడు.

"ఫిక్స్‌డ్ రేటు ఇచ్చినవాడు ఏడుస్తాడు, పుచ్చుకున్నవాడు పాయసం తాగుతాడు. ఈసారి ఏడుపు బ్యాంకుది, పాయసం మనది."

సూర్యావతి గుండిగ తోముతున్న చెయ్యి ఆపింది. "ముక్కామల పెళ్ళి తరవాత ఫిక్స్‌డ్ రేటు చెప్పడం మానేశారా మీరు?"

"ఎలా మానతాం? పెళ్ళివారు ముందే రేటు చెప్పమంటారు."

"మరి అప్పణ్ణుంచీ ఎప్పుడైనా ఏడ్చేరా?"

"లేదు."

"ఎందుకు ఏడవలేదంటారు?"

మాణిక్యాలరావు తల గోక్కున్నాడు. "ప్లేటుకి పాతిక కలిపి చెప్తున్నాంగా."

"ఆ పాతికతో ఏం వడ్డిస్తున్నాం? ఇంకో కూరా? ఇంకో స్వీటా?"

"ఏమీ లేదు. అది... భయం."

"ఆయ్! అదీ!" గుండిగ మీద గరిటెతో ఠంగున కొట్టింది సూర్యావతి. "ఒక్క పెళ్ళికి ఏడిచి మనం ఇన్నాళ్ళ నుంచీ ప్లేటుకి పాతిక చొప్పున భయం అమ్ముకుంటున్నాం. ఎన్నో పెళ్ళిళ్ళకి ఏడిచిన బ్యాంకు భయం కలపకుండా రేటు చెప్తుందేంటండీ? ఆ ఎక్కువ ఏదో వాళ్ళ భయమే. వాళ్ళ భయం మనం కొనుక్కోవడం ఎందుకు? మనకి మన భయం చాలదూ?"

మాణిక్యాలరావు వాదనలో ఓడిన మగాడు చేసే పనే చేశాడు, కొత్త ప్రశ్న వేశాడు. "సరే, రేపు వడ్డీ టమాటాలా ఎక్కి కూర్చుంటే? ఈఎమ్మై కట్టలేకపోతే మనం ఏమైపోతాం?"

ఈసారి సూర్యావతి గరిటె మోగలేదు. "అది నాకూ తెల్దండి," అంది మెల్లిగా. "రేపు అడుగుదాం. అడగడానికి ఈఎమ్మై లేదుగా."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బ్యాంకుకెళ్ళారు. లోపల అడుగుపెట్టగానే మాణిక్యాలరావు గుమ్మంలోనే ఆగిపోయాడు. మేనేజరు గది గుమ్మంలో అమలాపురం ప్రకాశరావు కూర్చుని ఉన్నాడు. అతనూ పెళ్ళివంటల కాంట్రాక్టరే. మాణిక్యాలరావు వదిలేసిన బంతిలో కూర్చోవడానికి ఎప్పుడూ చెప్పులు విడిచి రెడీగా ఉంటాడు. అతని ముందు పెద్ద స్టీలు క్యారేజీ. బ్యాంకువాళ్ళందరి చేతుల్లో బొబ్బట్లు. క్యాషియరు నోట్లు ముట్టుకోవడం మానేసి నేతిచేతులు చూసుకుంటున్నాడు.

"అయిపోయిందే. విందు వాడు కొట్టేశాడు, లోను కూడా కొట్టించేస్తాడు," అన్నాడు మాణిక్యాలరావు భార్య చెవిలో.

"నోర్మూసుకుని నవ్వుతూ రండి," అంది సూర్యావతి.

నోరు మూసుకుని నవ్వడం ఎలాగో తెలియక అతను పళ్ళికిలించుకుంటూ వెళ్ళి అనిత ఎదుట కూర్చున్నాడు. ఆవిడ ఫైలు తీసింది. నవ్వు మాత్రం బయటికి తీయలేదు.

"ఏమనుకున్నారండీ? ఫిక్స్‌డా, ఫ్లోటింగా?"

"ముందు రెండు ముక్కలు చెప్పండమ్మా," అన్నాడు మాణిక్యాలరావు చేతులు కట్టుకుని. "ఆ ఫ్లోటింగ్ రేటు పెరిగిపోతే మా గతేంటండీ?"

"పెరిగితే రెండు దారులున్నాయండీ. నెలనెలా కట్టేది పెంచుకోవచ్చు. లేదా కట్టేది అంతే ఉంచి, ఇంకొన్నాళ్ళు కట్టుకోవచ్చు. ఏదన్నది మిమ్మల్నే అడుగుతాం. రెండో దారిలో మొత్తం మీద వడ్డీ ఎక్కువవుతుంది, అది మాత్రం మర్చిపోకండి."

"అంటే ఇస్తరి అదే గానీ బంతులు పెరుగుతాయన్నమాట," అన్నాడు మాణిక్యాలరావు. ఈ లెక్క అతనికి వెన్నలా దిగింది. పిలిచినవాళ్ళ కన్నా ఎక్కువమంది రావడం, వంటవాడు ఇంకో రెండు గంటలు పొయ్యి దగ్గర నిలబడడం ఏ పెళ్ళిలో కొత్త? నడుం నొప్పెడుతుంది, పరువు మాత్రం పోదు. "మరి చేతిలో డబ్బు ఆడినప్పుడు ముందే కొంత కట్టేస్తానంటే?"

"ఫ్లోటింగ్ అయితే ఎప్పుడు ఎంత కట్టినా అదనంగా ఏమీ తీసుకోమండీ. మా దగ్గర ఫిక్స్‌డ్ అయితే ముందు కట్టినదాని మీద రుసుము ఉంటుంది."

భార్యాభర్తలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. వంటవాడి ఇంట్లో డబ్బు నెలనెలా రాదు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం బంతికి బంతి వేసినట్టు వస్తుంది. ఆషాఢంలో, భాద్రపదంలో గుండిగలతో పాటు బొజ్జలూ బోర్లించుకోవాల్సిందే.

"ముహూర్తాల్లో బాకీ కడుపు నిండా పెట్టేస్తామండి, ఆషాఢంలో పాపం వాయిదాతో సరిపెట్టుకుంటుందండి," అంది సూర్యావతి.

మాణిక్యాలరావు మాత్రం ఇంకా కలం ముట్టుకోలేదు. ముక్కామల టమాటాలు కళ్ళముందు దొర్లుతున్నాయి. మళ్ళీ మోసపోతే? ఈసారి పోయేది ఒక్క పెళ్ళి లాభం కాదు, సూర్యావతి గాజులూ, పెరడూ, పొయ్యీ. అతను భార్య ముంజేతుల వంక చూశాడు. బంగారు గాజులుండాల్సిన చోట ఎర్ర మట్టిగాజులున్నాయి. ఆవిడ మొహంలో మాత్రం భయం ఎక్కడా లేదు. అతని దగ్గరే రెండిళ్ళకి సరిపడా ఉంది.

"వాళ్ళ భయం కొనుక్కోవద్దంది మా ఆవిడ," అన్నాడు చివరికి గట్టిగా. "ఫ్లోటింగే రాయండమ్మా. పెరిగిన నాడు ఇంకో బంతి వడ్డిస్తాను. చేత్తో గరిటె పట్టుకున్నవాణ్ణి, ఆ మాత్రం నిలబడలేనా!"

సంతకాలయ్యాయి. సూర్యావతి కొంగుతో కళ్ళొత్తుకుని, అదే కొంగుతో అనిత బల్ల మీద పడ్డ బొబ్బట్టు నెయ్యి తుడిచింది. అప్పుడు అనిత అడిగింది, "ఒక్కమాట అడుగుతాను, ఏమనుకోకండి. ఇదే రేటు నిన్న ఫోన్లో చెప్తే అంతలా కేకలేసేరేంటండీ? ఎనిమిదిన్నర అనగానే ఉప్పూ, మంచినీళ్ళూ అన్నారు."

మాణిక్యాలరావు రెండు చేతులూ జోడించాడు. "తప్పయిపోయిందండీ. మీ విందుకి ఎనిమిదిన్నరకే వండి పెడతానండి. నష్టమైనా సరే."

"మా విందేంటండీ?"

"ప్లేటు ఎనిమిదిన్నర అన్నారు కదండీ!"

"ప్లేటా? నేనన్నది ఫ్లోటింగ్ రేటండీ బాబూ! నూటికి ఎనిమిదిన్నర వడ్డీ!"

ముందు సూర్యావతి పకపకా నవ్వింది. అనిత బల్ల మీద తలవాల్చేసింది. పింఛను కోసం వరసలో నిలబడ్డ ముసలమ్మ "ఏంటమ్మా, ఏంటంట?" అని ముందువాళ్ళని పొడిచింది. ముందువాళ్ళు చెప్పారు, వెనకవాళ్ళకి ఇంకోసారి చెప్పారు. చెప్పిన ప్రతిసారీ వరస కాస్త వంకర తిరిగింది. గదిలోంచి మేనేజరు సగం తిన్న బొబ్బట్టుతో బయటికొచ్చాడు.

"అయితే మరి ప్రకాశరావుగారు ఇవన్నీ ఎందుకు తెచ్చేరు? ఖాతాదారుల అభిమానం అనుకుని తినేశామే!"

ప్రకాశరావు క్యారేజీ వంక, ఖాళీ గిన్నెల వంక, నెయ్యి కారుతున్న క్యాషియరు చేతుల వంక చూశాడు. "మీరు పెద్ద విందు చేస్తున్నారని, రేటు కుదరక మాణిక్యాలరావు వదిలేశాడని అమలాపురమంతా అంటున్నారండి. నూట అరవైకి నేను చేస్తానని రుచి చూపించడానికొచ్చేను. ఏంటండి, విందు లేదాండి?"

"విందు ఎక్కడిదండీ ప్రకాశరావుగారూ," అంది సూర్యావతి నవ్వాపుకుంటూ. "బ్యాంకోళ్ళు చెప్పింది వడ్డీ. మా ఆయనకి వినపడింది వడ్డన. రమణమ్మ ఊరంతా చాటింది. మా ఆయన విన్నదే విందండి!"